లంగరేసినా తుప్పుకు సెలవు లేదు!

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లు వేటకెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా... 61 రోజులు నిషేధం. విశాఖ హార్బర్‌లో బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి ఒదిగి నిలబడతాయి. మనిషికి విశ్రాంతి, ఇంజిన్‌కి విశ్రాంతి. కానీ నీళ్ల అడుగున ఒకటి మాత్రం రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది. అదే తుప్పు!

చెక్క పడవకో, ఫైబర్ పడవకో తుప్పేమిటి అనుకుంటే పొరపాటే. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, 254 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి వచ్చిన తెరచాప పడవ 'తారిణి' గుర్తుందా? అందులోని ఆరుగురు నావికాదళ అధికారిణుల్లో స్వాతిది విశాఖ, ఐశ్వర్యది హైదరాబాద్. 55 అడుగుల ఆ పడవ ఒళ్లు ఫైబర్ గ్లాసూ చెక్కే. అయినా అలాంటి పడవలకు సైతం ప్రొపెల్లరు, దాన్ని తిప్పే ఇరుసు, నీటి వాల్వులు, బోల్టులు... అన్నీ లోహాలే. పైగా రకరకాల లోహాలు. చిక్కంతా అక్కడే ఉంది.

రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఉప్పునీళ్లలో ఉంటే అది చిన్న బ్యాటరీ అయిపోతుంది. బలహీనమైన లోహం కరుగుతుంది, గట్టిది నిలుస్తుంది. బ్రిటిష్ నౌకాదళానికి ఈ సంగతి 18వ శతాబ్దంలోనే అనుభవంలోకి వచ్చింది. చెక్కను తొలిచే పురుగు బెడద తప్పించుకోవడానికి 1761లో 'అలారమ్' అనే ఓడ అడుగుకు రాగిరేకులు కొట్టించారు. రెండేళ్లకు చూస్తే రాగి భద్రంగానే ఉంది... ఇనుప మేకులే తినేసి ఉన్నాయి. కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకంటే, రేకులకు చుట్టి వచ్చిన కాగితం అక్కడ అలాగే ఉండిపోయి, రాగిని ఇనుముకు తగలనివ్వలేదు!

1824లో హంఫ్రీ డేవీ ఇంకో ఉపాయం చెప్పాడు. రాగికి జింకు లాంటి మరింత బలహీనమైన లోహం ముక్కను తగిలిస్తే, రాగి బదులు అదే కరుగుతుందన్నాడు. ఇప్పటికీ పడవల అడుగున, ఇరుసుల మీద జింకు ముద్దలు బిగించేది అందుకే. పడవ కోసం ప్రాణమిచ్చే కాపలాదారన్నమాట.

నీళ్లలో పడవ ఆరోగ్యం ఎలా ఉందో ఈ ముద్దే చెబుతుంది. సగం అరిగిందా... బాగా పనిచేస్తోందన్నమాట, ఇక మార్చాలి. నెలలు గడిచినా కొత్తదానిలా మెరుస్తోందా? సంతోషించకూడదు. ఎవరో దానికీ రంగు పూసి ఉంటారు, లేదా లోహానికి సరిగ్గా ఆనకుండా ఉంటుంది. కొన్ని వారాల్లోనే మాయమైతే అది ఇంకా ప్రమాదం. బ్యాటరీ తీగ నుంచో, ఒడ్డు నుంచి లాక్కున్న కరెంటు తీగ నుంచో విద్యుత్తు లీకవుతూ ఉండొచ్చు. అలాంటి కరెంటు గట్టి లోహాన్నీ రోజుల్లోనే తినేయగలదు.

ఇత్తడి భాగాలు గులాబీ రంగుకు తిరిగినా అనుమానించాలి. అందులోని జింకు కరిగిపోయి రాగి మాత్రమే గుల్లగా మిగిలిందని అర్థం. సుత్తితో చిన్న దెబ్బ వేస్తే చాలు, ఊడొస్తుంది. నీటి వాల్వు అలా విరిగితే కట్టేసిన పడవ కట్టేసిన చోటే మునుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకూ భరోసా లేదు. దాని మెరుపును కాపాడే పొర నిలవాలంటే ఆక్సిజన్ కావాలి. కదలని పడవకు అతుక్కున్న గవ్వపురుగుల కింద అది అందదు. అక్కడే గుంటలు పడతాయి.

మరి జాగ్రత్తలు? జింకుకు రంగు వేయకూడదు. అది ఆనే చోట శుభ్రంగా గీకి బిగించాలి. వేర్వేరు లోహాల మధ్య నైలాన్ వాషర్ పెట్టాలి. అవసరం లేనప్పుడు ఒడ్డు కరెంటు తీసేయాలి. ఉప్పునీటికి జింకు సరే. హుస్సేన్‌సాగర్ లాంటి చోట తిరిగే తెరచాప పడవలకైతే మెగ్నీషియం మేలు.

సముద్రం ముఖమే చూడని వాల్మీకిపురం వాళ్లకు ఇదంతా ఎందుకంటారా? మదనపల్లె వైపు ఏ ఇంట్లోనైనా ట్యాంకున్న గీజరు విప్పి చూడండి. చాలావాటిలో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. డేవీ చెప్పిన కాపలాదారే! లవణాలు ఎక్కువున్న బోరునీళ్లయితే అది ఇంకా త్వరగా అరుగుతుంది. అది పూర్తిగా అరిగాక నీళ్లు ట్యాంకును తినడం మొదలుపెడతాయి. పెరట్లో జీఐ పైపుకు ఇత్తడి కొళాయి బిగించిన చోటే ముందు తుప్పెందుకు పడుతుందో కూడా ఇప్పుడు తెలిసిపోయింది కదా!

ఈసారి గీజరు సర్వీసుకు వచ్చిన మెకానిక్‌ను ఒక్క మాట అడగండి... 'కడ్డీ ఎంత మిగిలింది?' అని. ట్యాంకు పాడయ్యాక కొత్తది కొనేకంటే ఆ కడ్డీ మార్చడమే చవక!