గవ్వలు చేసిన నేరమేమి?

ఔటర్ రింగు రోడ్డు వచ్చి కలిసిన పెద్ద అంబర్‌పేట నేడు పల్లె యనిపించుకొనుట లేదు; అరుగులును తగ్గినవి. మిగిలిన అరుగుపై నెవరైన పిల్లలు సుద్దతో అష్టాచెమ్మా గళ్లు గీచిరా, “గవ్వలు వద్దు, ధర్మరాజు కొంప కూలినది జూదముననే” యని గద్దించు పెద్దలు మన యిండ్ల నింకను గలరు. ఆ పెద్దలే వైకుంఠపాళి పటమును కొని తెచ్చి, పాపపుణ్యములు నేర్చుకొమ్మని పిల్లల చేతి కిత్తురు. ఈ వివేకము మాకు తలక్రిందుగా తోచుచున్నది.

వైకుంఠపాళిలో ఆడువాడు చేయదగిన పని యేమున్నది? పాచిక చెప్పిన గడికి కాయ పోవును. నిచ్చెన యున్న నెక్కును, పాము నోట పడిన దిగును. పండితుడును పసివాడును అందు సమానులే. పుణ్యమునకు ఫలము గలదని చెప్పు నెపమున, ప్రయత్నమునకు ఫలము లేదని నేర్పు నాట యది.

అష్టాచెమ్మా అట్టిది కాదు. 25 గళ్లు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు, నాలుగు గవ్వలు. వెల్లకిల పడిన గవ్వలెన్నియో అన్ని గళ్లు నడువవలెను. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, నాలుగును బోర్లపడిన అష్ట, అనగా ఎనిమిది. ఎంత పడునో మన చేత లేదు. ఏ కాయను నడపవలెనో మన చేతనే యున్నది. గవ్వ రెండువైపులకును సమముగా పడునని యనుకొన్నచో, 16 విధములలో రెండు పడునవి 6. ఒకటియు మూడును నాలుగేసి. చెమ్మయు అష్టయు ఒక్కొక్కటియే. కావున ఎదుటివాని కాయకు రెండు గళ్ల ముందు మన కాయను నిలుపుట తెలివిమాలిన పని. అయిదు గళ్ల ముందు నిలిపిన, చెమ్మ పడి, మరల వేసిన ఆటలో ఒకటి పడినగాని వాడు చంపజాలడు. అది 64 మారులలో ఒక్కటి. ఒక్క కాయనే పరుగెత్తించి పండింపగోరు ఆత్రగాడు పడిన లెక్కకు దాసుడు. రెండు మూడు కాయలను బయట నుంచుకొన్నవానికి ఏది పడినను ఒక మంచి నడక దొరకును.

నిజమునకు గవ్వలు సమముగా పడవు. ఒక్కొక్క యింటి గవ్వలది ఒక్కొక్క స్వభావము. మీ గవ్వలను నూరుమారులు వేసి లెక్క వ్రాసికొనుడు. పదియేండ్ల బాలిక చేయదగిన పని యిది.

ఇక ధర్మరాజు మాట. ఆయనను చెరచినది పాచిక కాదు, పణము. ఆటలో నేర్పులేమిని ఎరిగియు నాపజాలని వ్యసనము. ఆ భారతమందే నలుని కథ యున్నది. దానిని మన పెద్దలేల మరతురో! ఋతుపర్ణుడు తానిచెట్టు ఆకులను కాయలను చూచినంతనే లెక్క చెప్పెను. ఆ విద్యను, అక్షహృదయమును నేర్చియే నలుడు పోయిన రాజ్యమును మరల గెలుచుకొనెను. ఆయనయు పణమొడ్డెను గదా యందురేని, దానిని మేము మెచ్చము; లెక్కను మెచ్చుచున్నాము.

సికిందరాబాదు క్లబ్బొకదాని వ్యవహారమున 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ముఖ్యముగా నేర్పుతో గూడిన ఆట యని తీర్పు చెప్పెను. 2025లో పార్లమెంటు చేసిన చట్టము, నేర్పుటాట యైనను అదృష్టపుటాట యైనను, డబ్బొడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది. ఆ చట్టము తప్పుపట్టినది ఒడ్డిన డబ్బునేగాని ఆటను గాదు. మన యిండ్లలోనో, ఫోనులో జీతము నొడ్డు కుమారుని గదితలుపు తట్టుటకు వెనుదీయు తండ్రియే, అరుగుమీది కూతురి చేతినుండి నాలుగు గవ్వలను లాగి పారవేయుచున్నాడు.