ఉప్పునీటికి ఏ కత్తి?

అమెరికాలోని ఫ్లోరిడాలో, ఎవర్‌గ్లేడ్స్ మడ అడవుల మధ్య 99 మైళ్ల పడవ దారి ఉంది. తెడ్డు వేసుకుంటూ వెళ్తే వారం రోజుల పని. చుట్టూ నీళ్లే, కానీ తాగే నీళ్లు మాత్రం మనమే మోసుకెళ్లాలి. అలాంటి చోట కత్తిని రోజూ మంచినీళ్లతో ఎవరు కడుగుతారు? అందుకే కొనేటప్పుడే ఉక్కు చూసుకోవాలి.

‘స్టెయిన్‌లెస్’ అని రాసుంటే చాలదు. ఉక్కులోని క్రోమియం పైన పలచటి పొర కట్టి తుప్పును ఆపుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరకు చిల్లులు పెడుతుంది. పోనీ, క్రోమియం ఎక్కువున్నది కొందామా? అక్కడే తిరకాసు. 440సి ఉక్కులో క్రోమియం 16–18 శాతం, హెచ్1లో 14–16 శాతమే. అయినా సముద్రంలో నిలిచేది హెచ్1. 440సిలో సుమారు ఒక శాతం ఉండే కార్బన్, కొంత క్రోమియాన్ని తనతో కట్టేసుకుంటుంది. హెచ్1లో కార్బన్ బాగా తగ్గించి నైట్రజన్ కలుపుతారు.

దీని పదును కాస్త త్వరగా తగ్గుతుంది, నిజమే. కానీ పడవ బోల్తా పడి కాలికి తాడు చుట్టుకుంటే కోయాల్సింది తాడునే. దానికి రంపపు పళ్ల అంచు మేలు. కంగారులో మనకే గుచ్చుకోకుండా మొన మొద్దుగా ఉండాలి. మడత కత్తి వద్దు, కీలులో ఇసుక, ఉప్పు చేరి బిగుసుకుపోవచ్చు. తోలు ఒర తడిని పట్టి ఉంచుతుంది. అడుగున చిల్లున్న ప్లాస్టిక్ ఒర తీసుకుని, లైఫ్ జాకెట్‌కే తగిలించుకోండి. సంచిలో ఉన్న కత్తి ఎంత మంచిదైనా, నీళ్లలో పడ్డ మనిషికి లేనట్టే!