రామెన్ గిన్నెలో దోషి అజినమోటో కాదు, ఉప్పు

పిల్లలను చూడటానికి అమెరికాకో, సింగపూరుకో, జపానుకో వెళ్లిన మన పెద్దలను వారు ఏదో ఒకనాడు రామెన్ హోటలుకు తీసుకువెళ్తారు. అక్కడ మనవారు అడిగే మొదటి ప్రశ్న తరచుగా ఒక్కటే: "ఇందులో అజినమోటో వేస్తారా?" బి.పి. మాత్రలు వేసుకునేవారు, గుండెకు స్టెంటు వేయించుకున్నవారు కూడా ఇదే అడుగుతారు. ఉప్పు ఎంత ఉందని అడిగేవారు అరుదు. భయపడవలసిన దానిని వదిలి, భయపడనక్కరలేని దానిని పట్టుకునే ఈ అలవాటును నేను ఖండిస్తున్నాను.

1908లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కికునాయే ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు నుండి గ్లూటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు అది అజినమోటో పేరుతో విపణిలోకి వచ్చింది. పండిన టమాటాలోనూ ఉన్నది అదే గ్లూటమేట్.

మరి భయం ఎక్కడిది? 1968లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వైద్యుడు రాసిన లేఖ అచ్చయింది. అమెరికాలోని చైనా హోటళ్లలో తిన్న తరువాత మెడ వెనుక తిమ్మిరి, గుండెదడ కలుగుతున్నాయని ఆయన రాశాడు. కారణం ఏమై ఉండవచ్చో ఊహిస్తూ సోయా సాస్‌ను, వంటలో వాడే మద్యాన్ని, అజినమోటోను, చివరకు అధిక సోడియంను కూడా పేర్కొన్నాడు. లోకం సోడియంను మరచి అజినమోటోను ముద్దాయిని చేసింది! ఏది ఇస్తున్నారో తెలియనీయకుండా జరిపిన పరీక్షలలో, ఆహారంతో కలిపి మామూలుగా తినే మోతాదుకు ఆ నేరం రుజువు కాలేదు. బరువుకు బరువు చూస్తే ఉప్పులో సోడియం 39 శాతం, అజినమోటోలో 12 శాతం మాత్రమే.

ఇక రామెన్ తయారీ చూడండి. గిన్నె అడుగున ముందుగా 'తారె' అనే చిక్కని ఉప్పటి ద్రావణం పోస్తారు. అది సోయా సాస్‌తోనో, మిసోతోనో, ఉప్పుతోనో చేసినది. దాని మీద ఎముకలను గంటల తరబడి మరిగించిన సూపు పోసి, నూడుల్స్ వేస్తారు. సూపంతా తాగితే ఒక్క గిన్నెతో ఐదారు గ్రాముల ఉప్పు లోపలికి పోవడం సాధారణం. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాములకు లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆవకాయలో ఉప్పు నాలుకకు వెంటనే తెలుస్తుంది, కొంచెం నంజుకుని ఆగుతాం. రామెన్‌లోని ఉప్పు కొవ్వు చాటున, ఉమామి చాటున దాగి ఉంటుంది. అందుకే గిన్నె ఎత్తి తాగేస్తాం.

"జపాను వారు అదే తిని దీర్ఘాయుష్షుతో ఉన్నారు కదా" అంటారు కొందరు. చరిత్ర చూడక అనే మాట ఇది. 1951 నుండి 1980 వరకు జపానులో మరణాలకు ప్రథమ కారణం మెదడు రక్తనాళాల జబ్బు, అంటే పక్షవాతం. ఉప్పులో ఊరవేసిన కూరగాయలు, మిసో సూపు అధికంగా తినే ఉత్తరాది ప్రాంతాలలో దాని ధాటి ఎక్కువ. రక్తపోటును అదుపు చేసి, ఉప్పు తగ్గించమని ఊరూరా బోధించిన తరువాతే ఆ మరణాలు తగ్గాయి. నూడుల్స్ తిని సూపు వదిలేయమన్నది అక్కడి వైద్యులు తమ ప్రజలకే చెప్పే హితవు. కాబట్టి సూపు మిగిల్చితే అమర్యాద అవుతుందన్న బెంగ మీకు వద్దు.

"వేడినీళ్లు కలుపుకుంటే సరిపోదా?" సరిపోదు. రుచి పలచబడుతుంది గాని, అంతా తాగితే ఉప్పు అంతే. "తరువాత నీళ్లు బాగా తాగితే కడిగేసుకుపోదా?" గుండె బలహీనత ఉన్నవారికి, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఇది ప్రమాదకరమైన సలహా. ఉప్పు నీటిని ఒంట్లో పట్టి ఉంచుతుంది. కాళ్లు వాస్తాయి, రాత్రి పడుకుంటే ఆయాసం వస్తుంది. పరదేశంలో అర్ధరాత్రి అత్యవసర విభాగానికి పరుగెత్తవలసిన దుస్థితి ఇలా దాపురించవచ్చు.

న్యూయార్క్ నగరం 2015లో ఒక మంచి నియమం చేసింది. 2,300 మిల్లీగ్రాములు, అంతకు మించి సోడియం ఉన్న వంటకం పక్కన గొలుసు హోటళ్లు తమ మెనూలో ఉప్పు సీసా గుర్తు వేయాలి. ఇటువంటి హెచ్చరిక మన హోటళ్లలోనూ ఉండాలని కోరవద్దా? "నో అజినమోటో" అని గోడకు బోర్డు తగిలిస్తే ఆరోగ్యాన్ని కాపాడినట్లు కాదు.

ఆరోగ్యవంతులు ఎప్పుడో ఒకసారి రామెన్ తింటే కొంప మునగదు. బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం తారె తగ్గించమని అడగండి. నూడుల్స్, గుడ్డు, కూరగాయలు తిని సూపు గిన్నెలోనే వదలండి. ఆనాటి మిగతా భోజనంలో పచ్చడి, అప్పడం మానండి. జబ్బు ముదిరి ఉప్పుపై వైద్యుడు గట్టి ఆంక్ష పెట్టినవారు రామెన్ జోలికే పోవద్దు. పిల్లలకూ ఒక మాట: "ఇంత దూరం వచ్చి సూపు వదిలేస్తారా నాన్నా" అని ప్రేమతో బలవంతం చేయకండి.