రొమ్ము క్యాన్సర్ వైద్యానికి చట్టం కావాలి

2025 ఆగస్టులో తుళ్లూరులో బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రికి భూమిపూజ జరిగింది. సంతోషమే. పత్తి తీసే, మిరపకాయలు కోసే ఆడకూలీలకు పెద్ద వైద్యం దగ్గరికొస్తుంటే కాదనేదెవరు? కానీ మేం అడిగేది ఒక్కటే. ఆ గడప తొక్కిన కూలితల్లి బిల్లు ఎవరు కడతారు? ఎంతకాలం కడతారు? కట్టకపోతే ఆమె ఏ హక్కుతో నిలదీయాలి?

రొమ్ము క్యాన్సర్ ఒక్క ఆపరేషన్‌తో తీరేది కాదు. ముందు గడ్డ పరీక్షలు, తర్వాత ఆపరేషన్. చాలామందికి నెలల తరబడి కీమో, వారాల తరబడి రేడియేషన్. హార్మోన్ రకం జబ్బయితే ఐదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు మందులు. అంటే ఒక ఎన్నికలు దాటి ఇంకో ఎన్నికల దాకా సాగే వైద్యం. మధ్యలో ఆగితే ప్రాణానికే ముప్పు.

2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ వచ్చాక పేదలు కార్పొరేట్ ఆస్పత్రుల మెట్లెక్కారు. అది చిన్న మేలు కాదు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో అదే ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2023 డిసెంబరులో అక్కడ పరిమితి 25 లక్షలు చేశారు, తెలంగాణలో 10 లక్షలు చేశారు. అంకెలు ఘనమే. మరి 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో బకాయిలు రాలేదంటూ ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపుతున్నట్టు ప్రకటించాయే! రాష్ట్రాలు రెండైనా రోగి గతి ఒక్కటే అయింది. కీమో వేయాల్సిన రోజు తలుపు మూస్తే కార్డు మీది లక్షలు ఎందుకు?

ఈ పథకాలన్నీ జీవోల మీద నడిచేవే. నెలనెలా జీతంలోంచి వాటా కట్టే ఉద్యోగుల హెల్త్ కార్డు కూడా అంతే. జీవో ఇచ్చిన చెయ్యే దాన్ని మార్చగలదు.

చట్టం చేయడం అసాధ్యమా? 1998లో అమెరికా చట్టం చేసింది. రొమ్ము తొలగింపునకు డబ్బు కట్టే బీమా సంస్థ ఆ తర్వాతి పునర్నిర్మాణ ఆపరేషన్‌కు, కృత్రిమ రొమ్ముకు, చేతివాపు చికిత్సకు కూడా కట్టి తీరాలంది. 2023లో రాజస్థాన్ శాసనసభ ఆరోగ్య హక్కు చట్టం తెచ్చింది. అంతదూరం ఎందుకు? 2014 డిసెంబరు 8 నాటికి రాజధాని గ్రామాల్లో ఉన్నవారికి ఉచిత వైద్యం అని 2015 భూసమీకరణ నిబంధనల్లోనే రాశారు. తుళ్లూరుకు రాసిచ్చిన మాట మిగతా పల్లెల ఆడబిడ్డలకు ఎందుకు రాసివ్వరు?

మా డిమాండ్లు స్పష్టం. గడ్డ పరీక్ష నుంచి చివరి మాత్ర దాకా ఖర్చంతా చట్టంలో చేర్చాలి. బకాయిల పేరుతో మొదలైన వైద్యం ఆపకూడదు. ఆస్పత్రులకు గడువులోగా చెల్లించాలి, దాటితే ప్రభుత్వమే వడ్డీ కట్టాలి. చేతివాపు చికిత్సను, కృత్రిమ రొమ్మును సోకు ఖర్చని కొట్టేయకూడదు.

విద్యార్థులారా, ఉద్యోగులారా! ఓటడగడానికి వచ్చే ప్రతి నాయకుణ్ణీ అడగండి. పథకానికి ఏం పేరు పెడతావని కాదు, శాసనసభలో బిల్లు ఎప్పుడు పెడతావని.