కప్పు గలవారికే సాయమా?

వేసవి వచ్చిన ప్రతి సంవత్సరమును అధికారులు ప్రజలకు ఒక హెచ్చరిక చేయుచుందురు: మధ్యాహ్నవేళ వెలుపల తిరుగవలదు, ఇంటిపట్టున నుండుడు. హెచ్చరిక మంచిదే. కాని ఇంట నుండుమని చెప్పినవారు ఆ యిల్లెట్టిదో విచారించుట లేదు. రేకుల కప్పు క్రింద కాపురముండు కూలివానికిని, మేడపై గదిలో అద్దెకుండు గుమాస్తాకును ఇల్లు నీడ నిచ్చునే కాని చల్లదనము నీయదు. 2015 సంవత్సరపు వేసవిలో దేశమున రెండువేలమందికి పైగా వడదెబ్బకు మరణింపగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వారే. పొలములోను, బాటమీదను కూలినవారిని మనము చూచితిమి. పగలెల్ల వేడెక్కిన కప్పు క్రింద రాత్రియు తెప్పరిల్లజాలక క్రుంగిపోయిన వృద్ధులను, పసివారిని లెక్కించుట కష్టము.

గృహములను బాగుచేసికొనుటకు ప్రభుత్వములు ఇప్పుడు ధనసహాయము చేయుచున్నవి. ఇది హర్షింపదగిన విషయము. ఆ సాయము ఎవరికి అందుచున్నది, ఏ పనికి అందుచున్నది, దానిని కోరువాడు ఎన్ని గడపలు ఎక్కి దిగవలసియున్నది అను మూడు ప్రశ్నలను మాత్రము మనము వేసికొనక తప్పదు.

మొదట వేడి వచ్చు త్రోవను గమనింతము. వేసవి మిట్టమధ్యాహ్నమున నల్లబడిన కాంక్రీటు కప్పు పైభాగము 60 డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ వేడి మెల్లమెల్లగా స్లాబులోనికి దిగి, సూర్యుడు అస్తమించిన పిదప గదిలోనికి వచ్చును. రాత్రి పదిగంటలకు పంకా వేసినను వడగాలియే వీచుచుండుటకు కారణమిదియే. రేకునకు ఆమాత్రపు ఆలస్యము కూడ లేదు. ఎండ పడిన గడియలోనే క్రిందివారిని కాల్చును. మన పూర్వుల తాటాకు కప్పును, పెంకుటింటి అటకయు, రాయలసీమ మట్టిమిద్దెయు ఈ బాధకు కొంతవరకు విరుగుడుగా నుండెను. వానిని మరల కట్టుకొనుడని మేము చెప్పుట లేదు. తాటాకునకు అగ్నిభయము, మట్టిమిద్దెకు వానభయము ఉన్నవి. కాంక్రీటు వచ్చి ఆ భయములను తీర్చినది. కాని ఒక మేలును పొందుటలో మరియొక మేలును జారవిడిచితిమి. 2018లో కేంద్రప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ ప్రకటించిన ‘ఎకో నివాస్ సంహిత’ ఇంటికప్పు గుండ వేడి ఎంతవరకు ప్రసరింపవచ్చునో పరిమితి విధించినది. మన యూళ్లలో ఏ పూతయు, ఏ పొరయు లేక పోయుచున్న స్లాబు ఆ పరిమితికి రెట్టింపునకు మించి వేడిని లోనికి విడుచును.

ఇట్టి యింటికి నేడు లభించు పెద్ద ప్రభుత్వ సహాయమేది? 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ‘పి.ఎం. సూర్యఘర్’ పథకము. కోటి యిండ్ల కప్పులపై సౌరఫలకములను నెలకొల్పుటకు 75,021 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. 2026-27 ఆర్థిక సంవత్సరాంతమునకు పూర్తి కావలెనని గడువు విధింపబడినది. ఒక కిలోవాటునకు 30,000, రెంటికి 60,000, మూడు గాని అంతకు మించి గాని అయినచో 78,000 రూపాయల సబ్సిడీ. సబ్సిడీ పొందు ఫలకములు మన దేశమున తయారైనవే కావలెనను నియమము స్వదేశీ పరిశ్రమకు ఊతమిచ్చునది. దానిని మనఃపూర్వకముగా సమర్థింతుము.

అర్జీపద్ధతి యిట్లున్నది. ఇంటి యజమాని జాతీయ పోర్టల్‌లో తన కరెంటు బిల్లుమీది సర్వీసు నంబరుతో పేరు నమోదు చేసికొనవలెను. గుర్తింపు పొందిన వ్యాపారులలో నొకనిని ఎన్నుకొని ధర మాటలాడుకొనవలెను. 10 కిలోవాట్ల లోపు అమరికలకు ప్రత్యేక సాంకేతిక పరిశీలన లేకయే అనుమతి లభించినట్లు భావింపవలెనని 2024 నాటి సవరణ నిబంధనలు చెప్పుచున్నవి. ఫలకములు అమర్చిన పిదప విద్యుత్ పంపిణీ సంస్థవారు వచ్చి పరీక్షించి నెట్ మీటరు బిగింతురు. అటుపిమ్మట ధ్రువపత్రము, ఆ వెనుక బ్యాంకుఖాతాకు సబ్సిడీ సొమ్ము. పనికి ముందు సొమ్ము రాదు. పని పూర్తియై పరీక్ష ముగిసినగాని రాదు. మిగిలిన పైకమునకు జామీను లేకుండ బ్యాంకులు అప్పిచ్చు ఏర్పాటు కలదు.

కాగితముపై ఇది సులభముగానే కన్పట్టును. కాని మన యిండ్ల సంగతి మనకు తెలియనిదా? తండ్రి గతించి పదియేండ్లైనను కరెంటు బిల్లు ఆయన పేరనే వచ్చుచుండును. అన్నదమ్ములు వేరుపడినను ఇంటిపన్ను ఉమ్మడిగానే యుండును. బిల్లుమీది పేరొకటి, ఆధారు కార్డులోని పేరొకటి, బ్యాంకు పుస్తకములోని యింటిపేరు మరియొక విధము. ఇందులో నేదియు మోసము కాదు; మన జీవనవిధానమిది. అర్జీ మాత్రము వీనినెల్ల తప్పులుగానే ఎంచును. ఆస్తిపాస్తులు గలవాడు మనిషిని పంపి సరిచేయించుకొనును. రోజుకూలి మానుకొని మండలకేంద్రమునకు మూడుమార్లు తిరుగజాలని వాడు మానుకొనును.

అంతకంటె ముఖ్యమైన లోపము వేరొకటి కలదు. ఒక కిలోవాటునకు సుమారు నూరు చదరపు అడుగుల గట్టి కప్పు, నీడపడనిది, స్వంతమైనది కావలెను. అద్దెకున్నవానికి కప్పు లేదు. రేకుల యింటివానికి కప్పున్నను అది బరువునకు ఆగదు. తెలంగాణమున 2024 మార్చి మొదలుకొని 200 యూనిట్లలోపు వాడు పేదయింటికి కరెంటు ఉచితమైనప్పుడు, వాడు అప్పుచేసి ఫలకములెందుకు పెట్టించును? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము షెడ్యూల్డు కులముల, తెగల గృహములకు రెండు కిలోవాట్ల వరకు ఉచితముగా అమర్చుటకు 2025లో పూనుకొనుట ఈ లోపమును కొంత గుర్తించినట్లే. అయినను కప్పు ఉన్నవానికే సాయమను మూలసూత్రము మారలేదు.

పథకము కరెంటును పుట్టించును, వేడిని ఆపదు. ఫలకము పడిన మేర కప్పునకు నీడ గల్గుట నిజమే. కాని అసలు ఉద్దేశము అది కాదు. వేడిని లోనికి రానిచ్చి, పిదప దానిని వెడలగొట్టుటకు యంత్రము పెట్టి, ఆ యంత్రమునకు కరెంటు పుట్టించుట కంటె, వేడిని గుమ్మమువద్దనే ఆపుట చౌక గదా!

ఈ మార్గమును తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో ‘కూల్ రూఫ్ విధానము’ ద్వారా గుర్తించినది. దేశమున ఏ రాష్ట్రమునకును అంతకుముందు ఇట్టి విధానము లేదు. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును, అందులో 200 హైదరాబాదు ప్రాంతముననే, ఎండను త్రిప్పికొట్టు తెల్లని పూతతో గాని, పొరతో గాని, పలకలతో గాని చల్లబరుపవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. ప్రభుత్వ భవనములకును, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములు మొదలుకొని పెద్దస్థలములలోని నివాసములకును ఇది తప్పనిసరి. అంతకు చిన్న యిండ్లకు ఐచ్ఛికము. చేతిలో పైకము లేనివానికి ‘ఇష్టమైన వేసికొనవచ్చును’ అనుట స్వాతంత్ర్యము కాదు. ఎవని కప్పు ఎక్కువగా కాలుచున్నదో వాడే ఈ విధానపు గట్టుమీద నిలిచిపోయినాడు.

లెక్క చూడుడు. విధానమును ప్రకటించిన నాడు చదరపు మీటరునకు సుమారు 300 రూపాయలు వ్యయమగునని చెప్పిరి. ముప్పది చదరపు మీటర్ల రేకుల యింటికి 9,000 రూపాయలు. మూడు కిలోవాట్ల ఫలకములు పెట్టించుకొన్న ఒక మేడయింటికి ప్రభుత్వమిచ్చు 78,000 రూపాయలతో ఇట్టి యిండ్లు ఎనిమిదింటికి పూత వేయవచ్చును. హైదరాబాదులో 2017లో కొన్ని పేదయిండ్లపై తెల్లని పొర పరచి చూడగా లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గినట్లు తేలినది. రెండు డిగ్రీలు ధనవంతునకు స్వల్పము; జ్వరపడిన పసిబిడ్డకు స్వల్పము కాదు. పూత శాశ్వతము కాదనియు, దుమ్ము పట్టినకొలది దాని గుణము తగ్గుననియు ఆక్షేపింతురు. నిజమే, యేటేట కడుగవలెను, కొన్నియేండ్లకు మరల వేయవలెను. సంక్రాంతికి గోడలకు సున్నము కొట్టుకొను జాతికి ఇది క్రొత్తపని కాదు.

ఇక త్వరపడి సొమ్ము వెదజల్లుమని మేము కోరుచున్నట్లు ఎవరును భావింపకుందురు గాక. ఆస్ట్రేలియా ప్రభుత్వము 2009లో ఇంటి అటకలలో వేడినాపు పొరలు పరపించు పథకమును తలపెట్టి, పదిలక్షలకు మించిన యిండ్లలో పని జరిపించినది. సొమ్ము నేరుగా పనివేయించు వ్యాపారులకు పోవుట చేత అనుభవము లేనివారెందరో రంగమున దిగిరి. నలుగురు యువకులు ప్రాణములు కోల్పోయిరి. వారిలో ముగ్గురు కరెంటు తగిలియే మరణించిరి. 2010 ఫిబ్రవరిలో పథకమును నిలిపివేసిరి. 2014లో రాజ విచారణ సంఘము తన నివేదికలో ఆ తొందరపాటును తీవ్రముగా విమర్శించెను. బ్రిటనునందు ఇటీవలి రెండు పథకముల క్రింద వెలిగోడలకు పొర వేసిన యిండ్లలో నూటికి 98 యిండ్లలో సరిదిద్దవలసిన పెద్దలోపములున్నట్లు ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయము 2025 అక్టోబరులో ప్రకటించినది. చలిదేశపు గోడలకు పట్టిన చెమ్మ మన గోడలకు పట్టకపోవచ్చును. పరీక్షింపని పనికి సొమ్ము చెల్లించిన ఫలము మాత్రము ఎల్లయెడల నొక్కటియే. కావున పని ముగిసిన పిదప పరీక్షించి సొమ్మిచ్చు మన పద్ధతిని విడువవలదు. తగ్గింపవలసినది అర్జీముందరి అడ్డంకులను; పనివెనుకటి పరీక్షను కాదు.

అర్జీ ఎంత సులభమైన పథకమంత విరివిగా వ్యాపించుననుటకు ఇంటనే నిదర్శనమున్నది. 2015లో ఆరంభమైన ‘ఉజాలా’ ద్వారా 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు ప్రజలకు చేరినవి. కరెంటు బిల్లు చూపి, గుర్తింపుకార్డు చూపి, చౌకధరకు బల్బు తెచ్చుకొనిరి. ఇంటిపట్టా ఎవరు అడుగలేదు. అద్దెవాడా, స్వంతదారుడా అని విచారింపలేదు.

కావున ప్రభుత్వములకు మా విన్నపములివి. కప్పును చల్లబరచుటకు ప్రత్యేకముగా సహాయమేర్పరచి, రేకుల యిండ్లతో మొదలిడవలెను. పేదవానిని ముందు పైకము పెట్టుమనక, పనిని పంచాయతీయో పురపాలక సంఘమో చేయించి, పరీక్షించిన పిదప వ్యాపారికి చెల్లింపవలెను. కాపురమున్నవాడు అర్జీ పెట్టుకొన్నను, యజమాని సమ్మతిపత్రముతో దానిని స్వీకరింపవలెను. గతించినవారి పేర నున్న సర్వీసును వారసుల పేరికి మార్చుటకు వేసవికి ముందే గ్రామములలో శిబిరములు పెట్టవలెను.

ప్రభుత్వము చేయువరకు చేతులు కట్టుకొని కూర్చుండుటయు తగదు. ఈ పత్రికను చదువు భూస్వాములలోను, పురవాసులలోను అనేకులు స్వంతకప్పు గలవారు. పలువురు ఇతరులకు కూడ కప్పు చూపినవారు. సౌరఫలకములకు అర్జీ పెట్టుకొనుడు. అది మీ హక్కు. వ్యాపారి తెచ్చిన కాగితముపై పని ముగియకమున్నే సంతకము చేయకుడు. అయిదేండ్ల మరమ్మతు బాధ్యత వానిదేనని వ్రాయించుకొనుడు. ఫోనులో పిలిచి సబ్సిడీ యిప్పింతుమని ముందుగా రుసుము అడుగువారిని నమ్మకుడు. ఇరుగుపొరుగున చదువురాని వారికి అర్జీ నింపిపెట్టుడు.

వీటితో పాటు మీ మేడపై గదిలో అద్దెకున్నవాని కప్పును, మీ దొడ్డిలోని పాలేరు రేకుల యింటిని ఒక్కమారు మధ్యాహ్నము రెండు గంటలకు చూచి రండు. ఖర్చు మాది, చల్లదనము వానిదా అని కొందరందురు. పూత వేసిన స్లాబు ఎండకు బీటలువారుట తగ్గును గనుక లాభము కొంత యజమానికిని కలదు. లాభము లేకున్నను చేయదగిన పనియే యిది. నెలనెల అద్దె పుచ్చుకొనువాడు నాలుగు గోడలనే కాక, మనిషి బ్రతుకదగిన చోటును ఇచ్చినట్లు ఒప్పుకొన్నవాడు. సర్కారు సబ్సిడీ కొరకు అర్జీ పెట్టుకొనుట యెట్లు హక్కో, ఆ కప్పు క్రిందివారిని వేసవి గట్టెక్కించుట అట్లే విధి.