కోడిపిల్లల కంటే ముందు ఊక కొనాలె

చదువుకుంటూనే తండాల్లో కోళ్లు పెట్టుకుందామనుకునేటోళ్లు మనలో పెరుగుతున్నరు. సంతోషమే. కానీ అందరూ కోడిపిల్లల రేటు, దాణా రేటు అడుగుతున్నరు. షెడ్డులో కింద ఏం పరచాలె అని ఒక్కరూ అడుగుతలేరు. మేము కూడా అడగలేదు, నష్టపోయినం. అందుకే ఈ పోస్టు.

మేము నలుగురం ఆలేరు దగ్గరి తండాలోళ్లం. వానకాలంలో వనరాజా పిల్లలు తెచ్చినం. పెరట్లో తిరిగి బతికే కోళ్లే అయినా, వాటిని బయటికి వదిలేముందు ఆరు వారాలు వెచ్చగా లోపలే పెంచాలె. పిల్లలు వచ్చే రోజు హడావుడిగా ఒక మిల్లుకు పోయి చవకగా దొరికిన ఊక తెచ్చి పోసినం. బస్తాలు వానకు తడిసినయి. ఆరిపోతదిలే అనుకున్నం. ఆరలేదు. మూడో వారం లోపలికి పోతే కండ్లు మంట. నాలుగో వారం రెట్టలో రక్తం. రోగం వచ్చింది బయటినుంచి కాదు, మేము పరిచిన పక్క నుంచే. తడి పక్కలో కాక్సిడియోసిస్ క్రిములు బాగా పెరుగుతయి. రెట్ట కుళ్లి అమోనియా వాయువు లేస్తది. అది పీల్చేది కోళ్లే కాదు, రోజూ షెడ్డు ఊడ్చే మన అమ్మలు కూడా.

మరి ఏది మంచిది? వీడియోల్లో చెక్క పొట్టు చూపిస్తరు. మన దగ్గర దొరికేది రంపపు పొట్టు. అది మరీ సన్నగా ఉంటే దుమ్ము లేస్తది, చిన్న పిల్లలు దాణా అనుకుని తింటయి. పాలమూరు దిక్కు పల్లీ పొట్టు దొరుకుతది, తేమ బాగా పీలుస్తది. కానీ బూజు పట్టిందైతే ఊపిరితిత్తుల రోగం తెస్తది. కోయని వరిగడ్డి తడిస్తే అట్టలు కడతది. ఆలేరు చుట్టూ వరే ఎక్కువ కాబట్టి మా మాట ఒక్కటే: ఎండిన వరి ఊక. రెండు మూడు అంగుళాల మందం పోయాలె. మొదటి మూడు నాలుగు రోజులు పైన పేపరు పరచాలె. తర్వాత వారానికి రెండుసార్లయినా కలియబెట్టాలె. నీళ్ల డబ్బాల కింద తడిసింది ఆ రోజే తీసి పారేసి, పొడిది వేయాలె.

పరీక్ష సులువు. గుప్పెడు ఊక పట్టి పిసకండి. ముద్ద కట్టి అట్లనే ఉంటే తడి ఎక్కువైనట్టు. చెయ్యి తెరవంగనే విడిపోతే బాగున్నట్టు.

"మా తాతలు గంప కింద కమ్మితే బతకలేదా?" అని కొందరంటరు. బతికినయి. కానీ అవి పది కోళ్లు, పగలంతా బయటే తిరిగేవి. వంద పిల్లల్ని నాలుగు గోడల మధ్య పెడితే లెక్క వేరే.

ఊకకు ఇటుక బట్టీలు, బాయిలర్లు కూడా పోటీ వస్తయి. ఒక్కొక్కరం పోతే చివరికి మిగిలిన తడి బస్తాలే మనకు. కాబట్టి యాసంగి వడ్లు మిల్లులకు వచ్చే ఎండకాలంలోనే అందరం కలిసి ఒక ట్రాక్టర్ ఊక కొందాం. తండాలో కప్పున్న జాగా చూసి, నేలకు తగలకుండా నిల్వ పెడదాం. బ్యాచ్ అయినంక ఆ పాత ఊకను ఊరికే ఇచ్చేయొద్దు. కుప్ప పోసి మాగబెడితే మన పొలానికే మంచి ఎరువు.

ఈసారి కోళ్లు పెట్టేటోళ్లు కింద చెప్పండి. ఎన్ని బస్తాలు కావాల్నో లెక్క వేసుకుందాం.