ఎరుక వేరు, లెక్క వేరు

జంషెడ్‌పూరు మనుష్యుని లెక్కించుటలో ఆరితేరిన నగరము. 1907లో స్థాపితమైన టాటా ఇనుము, ఉక్కు కంపెనీ సాక్చి గ్రామము చెంత కర్మాగారము నిర్మించి 1912లో తొలి ఉక్కును తీసెను. 1919లో ఊరు జంషెడ్‌పూరయ్యెను. కాళీమాటి స్టేషను టాటానగరయ్యెను. హో, సంతాలు జాతుల సీమలోనికి బెంగాలీలు, ఒడియాలు, బిహారీలు వచ్చిరి; ఉత్తరాంధ్రము నుండి పొట్ట చేతబట్టుకొని తెలుగువారును వచ్చిరి. ఇట్టి నగరమున కూలివాని పేరును పలుకుట కంటె వాని సంఖ్యను వ్రాయుట సులభము. ఒకనాడు హాజరుపట్టీయే సాక్షి. నేడు దానికి వ్రేలిముద్రయు, ముఖచ్ఛాయయు తోడైనవి. ద్వారము వానిని గుర్తుపట్టును. వాని బిడ్డకు జ్వరము వచ్చినదని మాత్రము దానికి తెలియదు.

అట్టి నగరమందలి క్రైస్తవులు ఆదివారమునాడు ప్రార్థనామందిరమున కూర్చుండి, దేవుడు తమ్ము సంపూర్ణముగ ఎరుగునని విని ఊరట చెందుచున్నారు. ఇది విచిత్రమని ఆక్షేపించువారు కలరు. ఆరు దినములు మేస్త్రీ చూపు క్రింద నలిగినవానికి ఏడవ దినమున నిద్రలేని మరియొక మేస్త్రీని చూపి, ఇదియే నీకు ఊరట యనుట క్రూరపరిహాసము కాదా యని వారి ప్రశ్న. ఈ ఆక్షేపణకు ఘనమైన వంశమే కలదు. నీట్షే సృష్టించిన మిక్కిలి వికారుడైన మనుష్యుడు, తన సకల వైకృతమును చూచుచుండెనను కోపముతోనే దేవుని చంపెను. 1964లో గ్రంథరూపమున వెలువడిన స్వీయచరిత్రలో జాన్ పాల్ సార్త్ర్ తన బాల్యమును చెప్పెను. అగ్గిపుల్లలతో ఆడి చిన్న తివాచీని కాల్చి, ఆ తప్పును దాచుచుండగా దేవుని చూపు తనపై బడినట్లు తోచెనట. బాలుడు రోషముతో దూషించెను. అటు పిమ్మట దేవుడు వానివైపు చూడనే లేదట.

ఈ ఆక్షేపణలో సగము సత్యము. బిడ్డ అన్నము తినకున్నను, పెద్దలకు ఎదురు చెప్పినను, దేవుడు చూచుచున్నాడని బెదరించి, ఆయనను ఇంటి చౌకీదారుగ మార్చినవారు భక్తులే. సార్త్ర్ పారద్రోలినది ఆ చౌకీదారునే యైనచో ఆ ఉద్వాసన న్యాయమే. కాని మిగిలిన సగము పొరపాటు. కాపుకాయుట వేరు, ఎరుగుట వేరు. కాపుకాయువాడు తాను కనబడక ఇతరులను చూచును. తాను చూచినదానిని తన పనికి వాడుకొనును. దానివలన తానేమియు కోల్పోడు. క్రైస్తవ విశ్వాసము ప్రకటించు దేవుడు వడ్రంగియై కూలివారి నడుమ నివసించి, ఆకలిగొని, నగ్నుడై సిలువపై అందరి కన్నులయెదుట వ్రేలాడినవాడు. ఎరుగువాడే బట్టబయలైన మతమిది. కొలిమిలోనికి తాను దిగివచ్చిన మేస్త్రీని ఏ హాజరుపట్టీ చూపగలదు?

ఈ ఊరట మొదట ఎవరికి దక్కెనో గమనింపదగును. ఆదికాండము పదునారవ అధ్యాయమున అబ్రాము, శారయి అను దంపతులు తమ ఐగుప్తు దాసిని గూర్చి మాటలాడుదురు. ఇరువురి నోటను ఆమె దాసియే. ఆమె పేరు ఒక్కసారియు వినరాదు. బాధలకు తాళలేక గర్భిణియై అరణ్యమునకు పారిపోయిన ఆమెను నీటిబుగ్గయొద్ద దేవదూత హాగరు అని పేరు పెట్టి పిలిచెను. అంతట ఆమె తన్ను చూచిన దేవునికి, చూచువాడను అర్థమిచ్చు పేరును తానే పెట్టెను. పేరులేక బ్రదికిన దాసి దేవునికి పేరిడుట! ఆ చూపులో ఆమెకు కనబడినది కాపలాదారు కాడు.

తిరిగి ఆ యజమానురాలి యొద్దకే పొమ్మని దూత చెప్పెను గదా, ఇట్టి ఊరట దాస్యమునకు మందు పూతయే గదా యని ప్రతివాది అడుగవచ్చును. కఠినమైన ప్రశ్న, దీనిని తప్పించుకొను బోధకుడు నమ్మదగడు. ఎరుగబడుట కూలిని పెంచదు, కొరడాను విరువదు. కాని తాను వస్తువునని యజమాని చెప్పిన మాటను నమ్మనక్కరలేని స్థలమొకటి ఆమెకు దొరకినది. ఆ స్థలము లేనివాడు తనకు జరుగునది అన్యాయమని గుర్తింపనైన లేడు.

తప్పు చేసినవానికిని ఈ ఊరటయే గతి. ముమ్మారు బొంకిన పేతురు, తన ప్రేమను గూర్చి ముమ్మారు ప్రశ్నింపబడినప్పుడు, తన చరిత్రను సాక్ష్యముగ చూపలేకపోయెను. ప్రభువునకు సమస్తము తెలియునను ఒక్క మాటనే ఆశ్రయించెను. నూట ముప్పదితొమ్మిదవ కీర్తనయందును భక్తుడు దేవుని సన్నిధి నుండి ఎచ్చటికి పారిపోగలనని వెదకి, తుదకు తన హృదయమును పరిశోధింపుమని తానే ప్రార్థించును. భయము పోవుట వలన చూపు మారలేదు. చూచువాడెవడో తెలియుట వలన భయము మారినది.

ఇక అసలు నింద మోయవలసినవారు నాస్తికులు కారు. తన్ను దేవుడు పేరు పెట్టి ఎరుగునని పాడి, మందిరము వెలుపల తన బండి తుడుచు కుర్రవాని పేరును, తన క్రింద పనిచేయు ఠేకా కూలీల పేర్లను ఎరుగని విశ్వాసి ఈ సిద్ధాంతమునకు నిజమైన శత్రువు. 1949లో జెసూట్ పాద్రీలు జంషెడ్‌పూరున విద్యాసంస్థను నెలకొల్పి దానికి కార్మిక సంబంధముల పేరే పెట్టిరి. కార్మికునితో సంబంధము ధర్మవిషయమని ఆ పేరు చాటినది. ఆ ధర్మమును మరచినవాడు హాగరు ఊరటను అబ్రాము ఇంట దాచుకొన జూచుచున్నాడు. అది అచట నిలువదు. దేవునిచేత ఎరుగబడితినని చెప్పుకొనువాడు ముందుగా పొరుగువానిని పేరు పెట్టి పిలువవలెను. లేనిచో వాడు పాడునది కీర్తన గాదు, హాజరుపట్టీ.